మా ఇల్లు చూడ్డానికొచ్చిన తరగతి

శనివారం పొద్దున గు సంగ్‌చోల్ మాస్టారు ఇరవైమంది శిష్యుల్ని వెంటేసుకుని మా బిల్డింగు మెట్లెక్కాడు. ఇళ్ల మీద పెట్టుబడి ఎలా మొదలెట్టాలో నేర్పే తరగతి ఆయనది. చదివితే చాలదట, ఇళ్లు కళ్లారా చూడాలట. నా తలుపు ముందు ఆగి, లోపల మనుషులున్నారన్న ఇంగితమైనా లేకుండా పాఠం చెప్పాడు.

"వేలంలో దీన్ని రెండుసార్లు ఎవరూ పాడలేదు. సోమవారం మూడోసారి. సగం ధరకొస్తుంది. చేతిలో డబ్బు లేనివాళ్లు ఇలాంటిదాంతోనే మొదలెట్టాలి."

"లోపలున్నవాళ్లో మాస్టారూ?"

"వాళ్లా? పోతారు. పోక ఏం చేస్తారు?"

అందరూ రాసుకున్నారు. లోపల ముల్లంగి కోస్తూ అంతా విన్నాను.

కొరియాలో, మా ఇంచన్ ఊళ్లో నాలాంటివాళ్లు నెలనెలా అద్దె కట్టరు. పెద్ద మొత్తం ఒకేసారి యజమాని చేతిలో పెట్టి, ఖాళీ చేసేటప్పుడు వెనక్కి తీసుకుంటారు. కిమ్చీ పచ్చడి ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ఉప్పునీళ్లలో చేతులు నానబెట్టి దాచిందంతా అలాగే పెట్టాను. ఇంట్లో దిగిన రోజే వార్డు ఆఫీసులో చిరునామా రాయించాను. చట్టం ప్రకారం నా హక్కు ఆ అర్ధరాత్రి దాటాకే మొదలవుతుంది. యజమాని అదే మధ్యాహ్నం ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టాడు. ఆ బాకీ కట్టక ఇల్లు వేలానికొచ్చింది. వేలం డబ్బు ముందు బ్యాంకుకు పోతుంది, నాకు మిగిలేదేమీ లేదు. ఆ కొన్ని గంటల సందు ఎవరికోసం ఉంచారో మీరే ఆలోచించండి.

ఆ యజమాని గు మాస్టారి మొదటి శిష్యుడు. మా పదహారు కుటుంబాల డిపాజిట్లతోనే పదహారు ఇళ్లూ కొన్నాడు. ఇప్పుడు ఫోనెత్తడు.

ఈ తరగతి వస్తోందని తెలిసి ముందురోజు సాయంత్రం మేడ మీద మేమంతా కొట్టుకున్నంత పని చేశాం.

"కొత్తగా పెళ్లయిన జంటనెవరినైనా నా ఇంట్లో దింపుతా. వాళ్ల డిపాజిట్ తీసుకుని బయటపడతా. వేలం గురించి బ్రోకరు నోరు మూసుకుంటానన్నాడు," అన్నాను. ఈ మాట నేనే అన్నాను, దాచను. మునిగేవాడికి పక్కవాడి పీక దొరికినా చాలు.

వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు సేవ చేసే తాక్ యంగ్‌రాన్ గయ్యిమంది. "ఫీజు కట్టకుండానే మాస్టారి పాఠం భలే వంటబట్టిందే అక్కా!"

"నీతులు తర్వాత చెబుదువుగాని. సోమవారం తర్వాత ఎక్కడ పడుకోను? చెప్పు!"

నాకు ఏడుపాగలేదు.

రేవులో క్రేన్ నడిపి రిటైరైన ప్యో మాన్‌సొక్ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకోణ్ణి ముంచితే నువ్వొక్కదానివే ఒడ్డున పడతావు. కొనేవాణ్ణి రానివ్వకపోతే అందరం నిలబడతాం. దుప్పటి ఒకటి తేమ్మా."

ఆ దుప్పటి మీద నేనే రాశాను: "మా డిపాజిట్లు తిన్న ఇళ్లివి. కొనకండి."

శనివారం తరగతి దిగబోయేసరికి పదహారు కుటుంబాలూ మెట్ల నిండా కూర్చున్నాయి. దుప్పటి రెయిలింగుకు కట్టేశాం.

"దారి వదలండమ్మా. వీళ్లు పెట్టుబడిదారులు," అన్నాడు మాస్టారు.

"పెట్టుబడి మాది! వీళ్లు పెట్టేది సంతకం!" అరిచింది యంగ్‌రాన్.

సన్నగా ఉన్న అమ్మాయొకతె ముందుకొచ్చింది. "మమ్మల్నెందుకు తిడతారు అక్కా? నేనూ అద్దెకే ఉంటున్నా. జీతంతో ఈ జన్మలో ఇల్లు కొనలేనని వచ్చా."

"మరి నీ డిపాజిట్ ఎవరి దగ్గరుంది తల్లీ?" అన్నాను.

ఆ అమ్మాయి మెల్లగా వెనక్కి తిరిగింది. "మాస్టారూ, మా ఇంటాయన కూడా మీ శిష్యుడేగా?"

మాస్టారు ఫోను తీసి పోలీసులకు కొట్టాడు.

వాళ్లొచ్చి దుప్పటి పీకేశారు. వ్యాపారానికి అడ్డం, పరువు నష్టం అన్నారు.

"రాసింది అబద్ధమా?" అడిగింది యంగ్‌రాన్.

"నిజమైనా కేసేనమ్మా," అన్నాడు పోలీసు. మా చట్టం అంతే మరి. "ఎవరు రాశారు?"

సోమవారం నేను స్టేషన్లో ఉంటే నా ఇంటి తలుపు దగ్గర ఎవరుంటారు? అయినా లేచి నిలబడ్డాను. నా వెనక మెట్లన్నీ లేచాయి.

"బండిలో ఐదుగురికే చోటుంది," పోలీసు విసుక్కున్నాడు.

"ఇంకోటి పిలవవయ్యా," అన్నాడు పెద్దాయన. "మోకాళ్ల నొప్పులవాణ్ణి, ఎంతసేపు నిలబడను?"

ఆ సన్నటి అమ్మాయి వచ్చి ఆయన వెనక నిలబడింది.

"పెద్ద బండి పిలవండి," అంది. "మా బిల్డింగులో పన్నెండు కుటుంబాలున్నాయి. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా."