ఆమె వాడని మాట

మా చెల్లెలు రసజ్ఞ మాట తడబడే పిల్లలకు శిక్షణ ఇచ్చేది. నల్లగండ్లలో ఒక చిన్న గది, ఇంట్లో చేయించవలసిన అభ్యాసాలు రాసిపెట్టిన ఒక వెబ్‌సైటు. ఆ రాతల్లో ఎక్కడా 'నత్తి' అన్న మాట లేదు. "పిల్లలు కూడా చదువుతారు కదక్కా" అనేది.

ఆమె పోయాక సైటు నా చేతికి వచ్చింది. ఎవరూ చూడడం లేదేమోనని దిగులు పుట్టి, సైట్లను గూగుల్ వెతుకులాటలో పైకి తెచ్చే ఒక సంస్థకు, మాదాపూర్‌కు వెళ్లాను. శ్యామ్ అనే యువకుడు పేజీలన్నీ చూసి పెదవి విరిచాడు.

"మేడం, నత్తి అన్న మాట పేజీకి ఇరవై సార్లైనా పడాలండి. లేకపోతే ఇది దేని గురించో గూగుల్‌కి తెలీదు. పాత పేజీలు తీసేసి కొత్తగా రాయిద్దాం. నెలలో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ."

"ఆమె రాసినవి తీసేయాలా?"

"ఎమోషనల్‌గా చూస్తే ర్యాంక్ రాదండి."

ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఆమె మాటలు ఉంచితే అవి తల్లిదండ్రులకు దొరకవు. దొరకాలంటే ఆమె మాటలు ఉండవు. బడిలో పాఠం చెబుతున్నా అదే ఆలోచన.

పై అంతస్తులో ఉండే అఖిల నానక్‌రామ్‌గూడలోని ఆఫీసులో ఇదే పని చేస్తుంది. లిఫ్ట్ దగ్గర కనబడితే చెప్పాను.

"ఇరవై సార్లా? ఏంది టీచర్, ఇంపోజిషనా?" అని నవ్వింది. "గవన్నీ పాత ముచ్చట్లు. జర ఆగుండ్రి."

తన ఫోనులో 'పిల్లలకు నత్తి, ఇంట్లో ఏం చేయాలి' అని కొట్టింది. ముందు రెండు ఆసుపత్రులు వచ్చాయి. వాటి కింద రసజ్ఞ పేజీ.

నేను నమ్మలేదు. "నా ఫోనులోనూ వస్తుందమ్మా. రోజూ తెరుస్తాను కాబట్టి..."

"ఇది నా ఫోను టీచర్. నేనెప్పుడూ తెరవలే. మాట వేరైనా అర్థం పట్టుకుంటది. రసజ్ఞ మేడం మంచిగ రాసిన్రు, చదివేటోళ్లకు పనికొస్తుంది. పాతదైతే తీసేసుడెందుకు? ఇగ ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ అంటరా, అది ఎవ్వరూ ఇయ్యలేరు. ఫికర్ జేయకుండ్రి."

లిఫ్ట్ వచ్చింది. తలుపు తెరుచుకుని, మూసుకుని వెళ్లిపోయింది. ఇద్దరం ఎక్కలేదు.

"అయితే ఏమీ మార్చక్కర్లేదా?"

అఖిల పేజీని చివరిదాకా జరిపింది. "ఒక్కటే టీచర్. 'శనివారం వచ్చి నన్ను కలవండి' అని ఉన్నది. పిల్లల్ని తీసుకొని వస్తరు గద."

ఇంటికి వెళ్లి శ్యామ్‌కు వద్దని చెప్పాను. తర్వాత ఆ ఒక్క వాక్యం తీసి, దాని చోట ఇలా రాశాను: "రసజ్ఞ ఇప్పుడు లేరు. ఈ అభ్యాసాలు ఇంట్లో చేయించవచ్చు."

మిగతాదంతా ఆమె రాసినట్టే ఉంది. ఫోను పక్కన పెట్టాక తెలిసింది, నాకు ఆకలి వేస్తోందని. లేచి అన్నం పెట్టుకున్నాను.