ఉంటున్న ఇల్లా, అద్దెకిచ్చిందా

అయినా మెల్‌బోర్న్‌లో సూర్యుడు ఉత్తరం వైపునుంచి నడుస్తాడు కదా, అలాంటప్పుడు అక్కడి ఈశాన్యం ఇక్కడి ఈశాన్యమేనా, ఈ సంగతి గోడ పగలగొట్టించక ముందు అడగాల్సింది, ఇప్పుడు కొండాపూర్ మట్టిరోడ్డు మీద ఆటోలో ఎగిరెగిరి పడుతూ అడుగుతున్నాను, అదీ నన్ను నేనే, ఆటో అతను వెనక్కి తిరిగి జర గట్టిగ పట్టుకోండి మేడం, మదీనాగూడ దాంక గిట్లనే ఉంటది అంటున్నాడు, పట్టుకున్నాను, ఆడిటరు ఈశ్వరయ్యగారు నిన్న ఫోనులో అడిగిన ప్రశ్న మాత్రం పట్టు చిక్కడం లేదు, ఆ మెల్‌బోర్న్ ఇల్లు మీరు ఉంటున్నదా అమ్మా, అద్దెకిచ్చిందా, ఏదో ఒకటి చెప్పండి, రిటర్ను గడువు దగ్గరకొచ్చేసింది.

నేనడిగింది చిన్న సంగతే, పోయిన ఆగస్టుదాకా అక్కడ చేసిన ఉద్యోగం తాలూకు జీతం కూడా ఇక్కడి పన్నులో కలుస్తుందన్నారు కాబట్టి, ఆ వేసవిలోనే అక్కడి ఇంటికి, వేసవి ఇక్కడ, అక్కడ చలి, ఆ చలిలోనే ఇంటికి చేయించిన పని ఖర్చు ఇక్కడ మినహాయించుకోవచ్చా అని, ఏం పాడైందమ్మా, కప్పు కారిందా అన్నారు, లేదండి, గోడ బీటలిచ్చిందా, లేదండి, వంటగది గోడ తీయించి ఈశాన్యంలో తలుపు పెట్టించాం, వాస్తుకి, అన్నాను, ఆయన దగ్గారు, బాగున్న గోడకి మరమ్మతేమిటి రసజ్ఞమ్మా అన్నారు, తర్వాత జాలిపడి విడమర్చారు, సొంతానికి వాడుకుంటున్న ఇల్లయితే మరమ్మతుకి పైసా రాదు, అద్దెకిచ్చిన ఇల్లయితే అద్దెలో అయిదోవంతు మరమ్మతు కింద వదిలేస్తారు, మీరు మేకు కొట్టినా కొట్టకపోయినా, ఇంటిమీది అప్పుకి వడ్డీ కూడా మొత్తం తీసేయొచ్చు, మీకదే లాభం, ఇంతకీ అందులో ఎవరుంటున్నారు.

బాలు ఉంటున్నాడు, మావారు, అన్నాను, మావారు అన్న మాట నోట్లో కొత్త పన్నులా తగిలింది, ఇక్కడి ఆఫీసులో కూడా అదే మాట, మీవారెప్పుడొస్తారు అంటే ప్రాజెక్టు అయ్యాక నేనే వెళ్తానంటాను, రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని రోజంతా పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దుతాను, నేను వెళ్లే తేదీ ఒకటి ఎవరూ అడగకపోతే బాగుండును, నాన్న మాత్రం నేనక్కడున్నప్పుడు వారం వారం ఫోను, ఈశాన్యం మూసుకుపోయిందమ్మా, అందుకే మీ ఇద్దరికీ పొసగడం లేదు, సిద్ధాంతిగారు కచ్చితంగా చెప్పారు, నిజానికి పొసగకపోవడానికి మేం పోట్లాడుకుంటే కదా, ఒకరు హాల్లోకి వస్తే ఇంకొకరికి వంటగదిలో పని గుర్తొచ్చేది, అంతే, వడ్రంగి సుత్తి పట్టుకుని ఇక్కడ తలుపెందుకు అన్నాడు, వెలుతురు కోసం అన్నాను, బాలు ఎగిరిన సిమెంటు దుమ్ములో నిలబడి ఫ్రిజ్జు మీద దుప్పటి కప్పాడు, ఏదైనా అని ఉంటే బాగుండేది, పిచ్చిదానా అన్నా బాగుండేది, ఆ రోజు ఆ దుప్పటి సర్దుతుంటే ఎంత కోపం వచ్చిందో, ఎవరిమీదో తెలియలేదు.

రాత్రి ఫోను బూతు నుంచి బాలుకి ఇదంతా చెప్పి, మీటరు తిరుగుతోంది బాలూ, ఏం రాయమంటావు అన్నాను, దాందేముంది రసూ, అద్దె నేనే ఇస్తాను, నీ వాటాకి, నెలనెలా నీ ఖాతాలో వేస్తాను, నీకు పన్ను తగ్గుతుంది కదా, అన్నాడు, ఎంత మంచివాడు, ఎంత తేలిగ్గా అన్నాడు, ఇందులో తప్పేముంది, నాకెందుకు అక్కడే కూర్చుండిపోవాలనిపించింది, ఎందుకు హాయిగా కూడా అనిపించింది, అవును, హాయి, అది దాచుకుని పడుకున్నాను, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లని ఎప్పుడొస్తారని ఎవరూ అడగరు.

మదీనాగూడ, మేడ మెట్లు, ఈశ్వరయ్యగారి గదిలో కూలరు నీళ్ల వాసన, రండమ్మా, కూర్చోండి, తేల్చారా, అంటున్నారు, మావారు అద్దె ఇస్తానన్నారండి అన్నాను, ఆయన కలం మూత తీసి ఆగారు, భర్త దగ్గర అద్దె, రాయొచ్చునేమో, కానీ రేపు మీరు వెళ్తే ఆయనతోపాటే ఉంటారు కదమ్మా, అద్దె నిలబడదు, వెళ్తారుగా, మామూలుగానే అడిగారు, కూలరు చప్పుడులో కూడా స్పష్టంగా వినబడింది, వెళ్తానండి అనబోయాను, ప్రాజెక్టు అన్న మాట గొంతుదాకా వచ్చింది, ఇన్నాళ్లూ అడిగిన వాళ్లందరికీ అదే చెప్పి బాలుకీ అదే చెప్పి నాకూ అదే చెప్పుకుని, అద్దె అని రాయిస్తే ఎవరి నోటితోనూ అనక్కర్లేకుండా అయిపోతుందని కదా ఇంత దూరం వచ్చాను, పన్ను తగ్గినా తగ్గకపోయినా నాకొకటే, ఆ ఇంట్లో నేను లేనని ఇంకెవరైనా తేల్చి నా చేతిలో పెట్టాలి, బాలు అద్దెకున్న మనిషి కాడు, నేను అక్కడ ఉండటమూ లేదు, అద్దె వద్దండి అన్నాను, మరి ఉంటున్న ఇల్లేనా అన్నారు, కాదండి, ఆ ఇల్లు వదిలి వచ్చేశాను, అన్నాను, ఆ మాట బయటికి వచ్చాకే నాకు తెలిసింది, ఆగస్టులో విమానం ఎక్కిన రోజే వచ్చేశాను.