వెనక బటన్

మా తమ్ముణ్ణి నేను ప్రొఫెసరు అంటాను. వాడు ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. ఫోన్లో వీడియోలు చూస్తాడు, చూసిందంతా నా చెవిలో పోస్తాడు, అంతే. అక్కాతమ్ముళ్ళం ఇద్దరం కలిసి ఫోటో స్టూడియో నడుపుతున్నాం. కెమెరా నా చేతిలో, కంప్యూటరు వాడి చేతిలో. ఇరవై ఆరేళ్ళుగా ఇదే ఏర్పాటు. నాకు ముక్కు మీద కోపం, వాడికి నోటి నిండా సలహాలు. అయినా పనెప్పుడూ ఆగలేదు.

గొడవంతా ఆ వెనక బటన్‌తో మొదలైంది. కెమెరాలో మామూలుగా చూపుడు వేలు రెండు పనులు చేస్తుంది. పై బటన్ సగం నొక్కితే ఫోకస్ కుదురుతుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. ఇందులో ఒక చిక్కుంది. పరిగెత్తే మనిషిని తీస్తుంటే మధ్యలో ఎవరో అడ్డం వస్తారు. వేలు మళ్ళీ నొక్కగానే ఫోకస్ వాళ్ళ మీదికి గెంతుతుంది. మన మనిషి మసక, అడ్డొచ్చినవాడి వీపు మాత్రం నిక్షేపంలా ఉంటుంది. అందుకని మా ప్రొఫెసరు ఒకరోజు కెమెరా మెనూలో దూరి, ఫోకస్ పనిని చూపుడు వేలి నుంచి పీకేసి, వెనకవైపు బొటనవేలు ఆనే బటన్‌కి అప్పగించాడు. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపూ ఫోకస్ మనిషి వెంటే పోతుంది. వదిలేస్తే ఉన్నచోటే ఆగుతుంది. చూపుడు వేలికి ఇక ఫోటో తీయడం తప్ప వేరే పని లేదు. ఆటల ఫోటోలు తీసేవాళ్ళంతా ఇదే పద్ధతట. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఫోటోలు వస్తాయట.

వచ్చాయి, నా మొహంలా వచ్చాయి. అథ్లెటిక్స్ క్లబ్బులో పిల్లల ప్రాక్టీసు తీసుకొచ్చి కంప్యూటర్లో వేసి చూస్తే సగానికి పైగా మసకే. పోనీ అన్నీ మసకగా ఉన్నాయా అంటే అదీ కాదు. ఒకే పరుగులో మొదటి రెండు ఫోటోలూ అద్దంలా ఉన్నాయి, మూడోదాంట్లో పిల్ల పొగలో కలిసిపోయింది, నాలుగోదాంట్లోనూ అంతే, ఐదోది మళ్ళీ బాగుంది. అదే కెమెరా, అదే ఎండ, అదే నేను. నాకు తలా తోకా అర్థం కాలేదు.

స్టూడియోలో పరీక్ష పెట్టాను. గోడమీది క్యాలెండరు తీస్తే కింద చీమ తలకాయంత అక్షరాలు కూడా చదవడానికి వచ్చాయి. కుర్చీ తీశాను, బాగుంది. కుర్చీలో తమ్ముణ్ణి కూర్చోబెట్టి తీశాను, వాడి అందం సంగతి ఎలా ఉన్నా ఫోకస్ మాత్రం బాగుంది. మర్నాడు మళ్ళీ మైదానానికి వెళ్ళి తీస్తే మళ్ళీ పాత కథే. లెన్సు రిపేరు చేసే ఆయన దగ్గరికి వెళ్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి ఏ లోపమూ లేదన్నాడు. కళ్ళ డాక్టరు కళ్ళజోడు నంబరు మారలేదన్నాడు. లెన్సు బాగుండి, కళ్ళు బాగుండి, కెమెరా బాగుండి, ఫోటో ఎందుకు బాగుండదో చెప్పేవాడు ఒక్కడూ దొరకలేదు.

పాత పద్ధతికి మార్చేస్తానని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ప్రపంచంలో అందరికీ వచ్చే పని నాకే రాలేదని ఒప్పుకోవడానికి నాకేం ఖర్మ? అదీ వాడి ముందు.

తర్వాత ఒకరోజు వాడు ఫోటోలు చూస్తూ చూస్తూ, నా వైపు తిరక్కుండానే, శనివారం లాంగ్ జంప్ పోటీలకి తను తీస్తానని, నన్ను కంప్యూటరు దగ్గర కూర్చోమని గొణిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. శనివారం నేనే తీస్తానని, అవి కూడా మసకగా వస్తే కెమెరా నువ్వే ఉంచుకో, నేను చచ్చినా ముట్టుకోనని అనేశాను. వాడు నవ్వి ఊరుకుంటాడనుకున్నాను. నవ్వలేదు. సరే అన్నాడు. కెమెరా లేకపోతే ఆ స్టూడియోలో నేనెవరిని? ఫోటో కోసం వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించే మనిషిని.

కోచ్ గారు కోరింది చిన్న సంగతే. క్లబ్బు వరండా గోడకి పెట్టడానికి, దూకే ప్రతి అమ్మాయీ గాల్లో ఉండగా మొహం స్పష్టంగా కనిపించే ఫోటో ఒక్కటి. దూకిన దూకు మళ్ళీ దూకరు కాబట్టి ఒకటికి రెండుసార్లు తీసే వీల్లేదని ఆయనే గుర్తుచేశారు.

శనివారం పొద్దున్నే ఇసుక గుంటకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదటి రౌండులో పద్నాలుగు మంది. ప్రతి పిల్ల పరుగు మొదలుపెట్టగానే బొటనవేలు నొక్కాను, నొక్కే ఉంచాను, దేవుడి మీద ఒట్టు. రౌండు అయ్యాక మెట్ల మీద నీడలో కూర్చుని తమ్ముడు కార్డు లాప్‌టాప్‌లో పెట్టాడు. పద్నాలుగు మందిలో ఐదుగురి మొహాలు ఉన్నాయి. మిగతా తొమ్మిది మందీ ఎవరికి వారు నీళ్ళలో మునిగినట్టున్నారు.

నేను బటన్ని తిట్టాను, దాన్ని పెట్టినవాణ్ణి తిట్టాను, వీడియోలు కనిపెట్టినవాణ్ణి తిట్టాను. బటన్ చెడిపోయింది, ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తోంది, కావాలంటే చూడమని కెమెరా వాడి ఒళ్ళో పడేశాను. వాడు నాలుగుసార్లు నొక్కి చూశాడు. నాలుగుసార్లూ పనిచేసింది. కాసేపు నా చేతివైపే చూశాడు.

"అక్కా, నీకు చుక్క తగుల్తోందా?" అన్నాడు.

ఏం చుక్క అన్నాను. నీ వేలు బటన్ మీంచి జారిపోతోందేమోనని అనుమానం వచ్చి, పది రోజుల కింద దాని మీద గట్టిపడే జిగురు చుక్క ఒకటి వేశానన్నాడు. చూడకుండానే వేలికి చోటు తెలియాలని. నాకు చెబితే అరుస్తానని చెప్పలేదట. నిజమే, అరిచేదాన్నే. కెమెరా లాక్కుని వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంది. నీ జిగురూ నీ తెలివీ, అదెప్పుడో ఊడిపోయిందిరా అన్నాను.

వాడు కెమెరాని నా చేతిలోనే మెల్లగా తిప్పి వెనకవైపు చూపించాడు. ఉంది. ఆవగింజంత చుక్క, గట్టిగా, గరుకుగా, ఎండలో మెరుస్తూ ఉంది. బొటనవేలితో రుద్దాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా రుద్దాను. కళ్ళకి కనిపిస్తున్నది వేలికి అందడం లేదు. ఎడమచేతి వేలు పెడితే మాత్రం ముల్లులా తగిలింది.

ఎందుకు చేశానో తెలియదు, చెయ్యి చాచి వాడి చెంప మీద బొటనవేలు పెట్టాను. వాడు రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. ఆ సంగతి నా కళ్ళు చెబుతున్నాయి, వేలు చెప్పడం లేదు. అది ఎప్పటి నుంచి ఇలా ఉందో నాకే తెలియదు. ఇన్నాళ్ళూ దానికి కెమెరాని పట్టుకోవడం తప్ప పని లేదు, నేనూ దాన్ని ఏమీ అడగలేదు. పని అప్పగించిన రోజు నుంచి అది జారిపోతూనే ఉంది, నేను నొక్కే ఉన్నాననుకుంటూనే ఉన్నాను. నాకు భయం వేసింది.

"పాత పద్ధతికి మార్చేస్తానక్కా. చూపుడు వేలితోనే తీసుకో. సోమవారం డాక్టరు దగ్గరికి పోదాం. పందెం గిందెం ఏమీ లేదు, నేను మర్చిపోయా," అన్నాడు.

ఆశ పుట్టింది, దాచడమెందుకు. చూపుడు వేలు తీసుకెళ్ళి అదే చెంప మీద పెట్టాను. గరుకు తెలిసింది. కానీ మధ్యలో గుడ్డ అడ్డం ఉన్నట్టు తెలిసింది. రెండోసారి పెట్టి చూశాను, అలాగే ఉంది. బాగానే ఉందని అబద్ధం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఫైనల్స్‌కి ఎంపికైన ఎనిమిది మంది అమ్మాయిలు కాళ్ళు విదిలించుకుంటూ నిలబడ్డారు. కెమెరా పట్టీ తీసి వాడి మెడలో వేశాను. వాడు వద్దు వద్దంటూనే ఉన్నాడు.

కోచ్ గారు ఈల వేశారు. వాడు నేను కూర్చున్నచోటే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదటి అమ్మాయి పరిగెత్తి, దూకే పలక మీద కాలేసి గాల్లోకి లేచింది. వాడు టకటకా పదిహేను ఫోటోలు తీశాడు. తీసి, తెర చూసుకుని, బిక్కమొహం వేశాడు. వంగి చూశాను. పదిహేనూ మసక. అమ్మాయి లేదు, గుంట లేదు, వెనకాల చెట్టు కూడా లేదు.

"ఏమైందక్కా? ఎందుకిలా వచ్చాయి?" అన్నాడు. కంగారులో చూపుడు వేలు ఒక్కటే నొక్కుతూ పోయాడు. నాకు పాఠాలు చెప్పిన మనిషి.

వాడి పక్కనే కూర్చున్నాను. రెండో అమ్మాయి పరుగు మొదలుపెట్టే గీత దగ్గరికి వచ్చింది.

"బొటనవేలు నొక్కి పట్టుకోరా ప్రొఫెసరూ," అన్నాను. "నీ వేలికి తెలుస్తుంది కదా."