చన్‌దీ నోట నిలిచిన మాట

ఆరేళ్ల చన్‌దీకి సాయంత్రం చెప్పిన కొత్త మాట తెల్లారేసరికి గుర్తుండేది కాదు. బళ్లో ఎలా నెగ్గుకొస్తుందోనని తల్లి మలివన్‌కు దిగులు. మాటలు రాని పిల్లల మూతికి కప్పను తాకించడం ఆ ఊరి వాడుక. అమ్మమ్మ రోజూ వరిచేలోంచి చిన్న కప్పను తెచ్చి, పిల్ల చేతిలో పెట్టి, "కప్పమ్మా, కప్ప" అంటూ మూతికి తాకించేది.

ఒక పొద్దున అమ్మమ్మ వట్టి చేతులతో వచ్చింది. చన్‌దీ ఆమె చేతులు వెతికి, "కప్పేదీ?" అంది.

"చూశావటే నా వైద్యం!" అని ముసలామె మురిసిపోయింది.

"మిగతా మాటలేవీ రాలేదుగా అమ్మా. రోజూ చేతికిచ్చి చెప్పిన మాటే నిలిచింది," అంటూ మలివన్ వంటింట్లోంచి పచ్చిబొప్పాయి పచ్చడి దంచే చిన్న రోకలి తెచ్చింది.

"ఒసేయ్, దాంతో కొడతావా పిల్ల మూతిని!"

మలివన్ నవ్వి, రోకలిని కూతురి చేతిలో పెట్టింది. "రోకలమ్మా, రోకలి. రేపూ ఇస్తాను, ఎల్లుండీ ఇస్తాను."