తిట్లు పడని ఉద్యోగం

మీరు పనుల్లో పెట్టించిన వాళ్లు ఎలా ఉన్నారో వెళ్లి చూసి రండని వికలాంగుల ఉపాధి కార్యాలయానికి పైనుంచి ఆర్డరు వచ్చింది. ఎనభై నాలుగో సంవత్సరం, మండువేసవి. అందరూ తలలు దించుకుని ఫైళ్లలో పడ్డారు. గౌరీశ్వరి ఒక్కతే లేచి, “నేను వెళ్తానండి” అంది. పోలియోతో ఎడమ కాలు చచ్చుబడ్డ మనిషి, చంకలో కర్ర లేనిదే అడుగు పడదు. “ఎండలో నీకెందుకమ్మా, హాయిగా కూర్చో” అన్నాడు ఆఫీసరు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ హాయి ఆమెకు ఒళ్లు మండిస్తూనే ఉంది. పెందుర్తి నుంచి బస్సులో నలిగి వచ్చేది ఊరికే కూర్చోడానికా? వినిపించుకోకుండా బయల్దేరింది.

చేపల రేవు పక్కన రొయ్యల కంపెనీ. మేనేజరు శ్రీరామ్మూర్తి మంచివాడు. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. మరబోటు మీద తాడు చుట్టే యంత్రంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న అర్జునరావును వీళ్ల ఆఫీసు పంపితే ఆయన గేటు కాపలాకి పెట్టుకున్నాడు.

“ఇంక నావల్ల కాదమ్మా” అన్నాడు. “నీడలో కుర్చీ వేయించాను. గేటు తియ్యడానికి వేరే మనిషిని పెట్టాను. పల్లెత్తు మాట అనలేదు. అయినా పొద్దున్నే సముద్రం ఒడ్డుకి చెక్కేస్తాడు. ఇవాళతో తీసేస్తున్నాను.”

పిల్లలున్నవాడు, ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఎవరిస్తారు అనుకుంది గౌరీశ్వరి.

ఇసకలో కర్ర దిగబడుతుంటే తిట్టుకుంటూ ఒడ్డుకి వెళ్లింది. మనుషులు రెండు వరసల్లో పెద్దవల లాగుతున్నారు. అర్జునరావు తాడు నడుముకి చుట్టుకుని, ఉన్న చేత్తో పట్టి వెనక్కి వాలుతున్నాడు.

“ఒరే అర్జునా, నిద్దరోతన్నావేట్రా! లాగరా సచ్చినోడా!” అని వెనకనుంచి తోటి జాలరి నూకాలు అరుస్తున్నాడు.

వల ఒడ్డుకి చేరింది. తాడు పట్టిన ప్రతివాడికీ వాటా ఉంటుందక్కడ. ఎన్ని చేతులతో పట్టావని ఎవరూ అడగరు. అర్జునరావు తన చేపలు తువ్వాలులో పోయించుకున్నాడు.

“ఏటి బాబాయ్, గేటొదిలేసి ఇక్కడున్నావు? ఉద్యోగం పోతాది, తెలుసా?” అంది గౌరీశ్వరి.

“తెలుసమ్మా. నాకు బయ్యం లేదా? కానీ అక్కడ నానేటి సేత్తన్నాను? కూకుంతన్నాను. తప్పు సేద్దామన్నా పని లేదు. నన్నెవులూ తిట్టరమ్మా! ఇక్కడైతే ఈ నూకాలుగాడు నోటికొచ్చినట్టు తిడతాడు. ఆ తిట్లు ఇంటుంటే నానూ ఒక మనిసినేననిపిత్తాది.”

గౌరీశ్వరికి తన కుర్చీ గుర్తొచ్చింది. ఆఫీసులో తన తప్పుల్ని పక్క సీటాయన చప్పుడు చెయ్యకుండా దిద్దేస్తాడు. ఆమెనూ ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు.

అతన్ని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వచ్చింది. “గేటు తాళాలు ఈయనకివ్వండి. ఆ రెండో మనిషిని లోపల పనికి పంపెయ్యండి. అప్పుడు కూడా ఒడ్డుకి పోతే తీసెయ్యండి, నేనడగను.”

“ఒంటిచేత్తో ఎలా తీస్తాడమ్మా? ఆలస్యమైతే?”

“తిట్టండి.”

“ఇలాంటి మనిషినా!”

“అందర్నీ తిట్టినట్టే.”

శ్రీరామ్మూర్తి ఇష్టం లేకుండానే తాళాలు తెప్పించాడు. అంతలోనే ఐసు లారీ వచ్చి హారను మోగించింది. అర్జునరావు తాళం తీశాడు, గడియ లాగాడు, భుజం ఆనించి తోశాడు. గేటు సగంలో బిగుసుకుపోయింది. లారీ కింద నీళ్లు కారుతున్నాయి. శ్రీరామ్మూర్తి కాసేపు ఓపిక పట్టాడు, గౌరీశ్వరి వైపు చూశాడు, ఇక పట్టలేకపోయాడు.

“ఏమయ్యా! ఐసంతా కరిగాక తీస్తావా? తొయ్యి!”

పనివాళ్లంతా ఉలిక్కిపడి చూశారు.

“తోత్తన్నానండీ బాబూ!” అని అంతకంటే గట్టిగా కేకేశాడు అర్జునరావు. ఆ కంపెనీలో అతని గొంతు వినబడడం అదే మొదలు.