పురుగు నూగు

మా ఆయన దేవేంద్రప్ప మెత్తని మనిషని ఊరంతా అంటుంది. ఊరిదేం పోయింది, కాపురం చేసేది నేను కదా! కోపమొస్తే ఆ మనిషికి ఒళ్లు తెలియదు. ఎదుట ఉన్నది తమ్ముడైనా సరే.

ఎమ్మిగనూరు దగ్గర మాదీ మా మరిది ఆదెప్పదీ పక్కపక్క చేలు. మధ్యలో గట్టొక్కటే అడ్డం. అతను ఆముదం వేశాడు, మేం వేరుశనగ. తొలివాన పడగానే తెల్ల రెక్కల పురుగులు వీధిలైట్ల చుట్టూ ముసురుకున్నాయి. నా గుండె అప్పుడే జారిపోయింది. వాటి గుడ్లు పగిలితే వచ్చేది ఎర్ర గొంగళి పురుగు. ఒక చేను నున్నగా తినేసి, పక్క చేనికి దండుగా నడిచిపోతుంది, పాడుముండది.

అనుకున్నట్టే ఆదెప్ప ఆముదం మొక్కలకు ఈనెలే మిగిలాయి. మేం గట్టు పొడవునా గాడి తవ్వి, మా చేనివైపు గోడ నిట్టనిలువుగా చెక్కాం. రాలే మట్టిలో పురుగు కాళ్లకు పట్టు దొరకదు. పడినవి పడినట్టే కుప్పలవుతాయి, పొడిమందు చల్లి చంపుతాం.

పాడైన చేను మళ్లీ దున్నిద్దామని ఆదెప్ప ట్రాక్టరు పిలిపించాడు. అది తన చేలోకి దాటడానికి ఒకచోట గాడిని మట్టితో పూడ్చి, పనయ్యాక తీయడం మరిచాడు. ఆ దారినే దండంతా మా చేలోకి దిగింది. తెల్లారి చూస్తే వేరుశనగ లేదు, పుల్లలున్నాయి.

"మర్సిపోయినా అన్నా, తప్పయిపాయ" అన్నాడు ఆదెప్ప.

"మర్సిపోయినావా? నా పిల్లోళ్ల కూడు పురుగుకు పెట్టి మర్సిపోయినావా రా?"

మా ఆయన పార తిరగేసి తమ్ముడి వీపు మీద కొట్టాడు. ఆదెప్ప గాడి ఒడ్డున బోర్లా పడ్డాడు. మా ఆయన మోకాలు అతని నడుం మీద పెట్టి, జుట్టు పట్టుకుని, ముఖాన్ని పురుగుల కుప్పలోకి అదిమి రుద్దాడు.

"ఇడువయ్యా, సచ్చిపోతాడు!" అని అరిచాను. వింటేగా! చెయ్యి పట్టి రక్తం కారేలా కొరికాను. అప్పుడు వదిలాడు.

ఆదెప్ప లేచాడు. గడ్డం నిండా పురుగులే. నల్ల తలలు, ఎర్రని ఒళ్లు, ఒళ్లంతా నూగు. ముందరి గోళ్ల కాళ్లు గాల్లో ఆడుతున్నా, వెనకాల బుడిపెల్లాంటి కాళ్లు చర్మాన్ని కరిచిపెట్టుకున్నాయి. లాగితే సాగుతున్నాయి కానీ ఊడిరావడం లేదు. ఎడమ కంట్లో కూడా నూగు పడింది. "మంట వదినా, మంట!" అని నేల మీద పొర్లాడు.

మా ఆయన కోపం ఎటు పోయిందో! ఒక్కో పురుగునూ పీకి పారేశాడు. "ఓరి తమ్ముడా, నా సేతులిరగా" అని ఏడ్చాడు. నేను నీళ్లకని బోరు దగ్గరికి పరిగెత్తాను. పురుగు నూగు గుచ్చుకుంటే మా వైపు కంబళితో రుద్దుతారు. నూగు ఉన్నికి చిక్కుకుని వచ్చేస్తుంది. నేను బిందెతో తిరిగొచ్చేసరికి మా ఆయన గట్టు మీది కంబళి తెచ్చి, తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, చెంపలు రుద్ది, కనురెప్ప విప్పి, కంబళి అంచుతో కన్ను కూడా రుద్దుతున్నాడు. ఎంత ప్రేమగానో! పసిబిడ్డకు కాటుక పెడుతున్నట్టు. అది చూసి నేను బిందె పక్కన దించేశాను.

వారం తిరగకముందే ఆ కన్ను నెత్తుటి ముద్దయింది. ఆదోని కంటాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ ప్రియదర్శిని మిషన్లోంచి చూసి, మమ్మల్ని పక్కకు పిలిచింది.

"కన్ను ఎవరన్నా రుద్దినారా?"

మా ఆయన తల ఊపాడు.

"ఈ పురుగు వెంట్రుకలకు సన్నని ముళ్లుంటాయి. ముందుకు పోతాయే గానీ వెనక్కి రావు. అప్పుడే నీళ్లతో కడిగి తెచ్చుంటే చాలావరకు పోయేవి. రుద్దేకొద్దీ లోపలికి దిగినాయి. ఇంక చూపు రాదప్పా."

  నా మొగుణ్ణి చూస్తే అసహ్యమూ వేసింది, జాలీ వేసింది.

లోపల మంచం మీద ఆదెప్ప, కన్ను కదలకుండా రెండు కళ్లకూ వేసిన కట్టుతో పడుకుని ఉన్నాడు. అతనికింకా ఎవరూ చెప్పలేదు. మా అడుగుల చప్పుడుకు ఇటు తిరిగాడు.

"అన్నను ఏమనొద్దు వదినా. ఆ పొద్దు సచ్చిపోతాననుకుంటి. అన్న కంబళితో రుద్దినాకనే పానం నిమ్మళించింది."

తర్వాత చెయ్యి చాపి గాల్లో తడుముకున్నాడు.

"అన్నా, ఇంగా గరగర అంటాంది. రోంత రుద్దన్నా."

మా ఆయన రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, గోడకు తల కొట్టుకుంటూ గొడ్డులా అరిచాడు.