ఎండాకాలంలో ఉలవకట్టు

గోడకు అంటించిన కాగితాన్ని గంగులమ్మ మూడుసార్లు చదివింది. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికే సరిపోయింది. రెండోసారికి అర్థమైంది. మూడోసారి చదివింది కోపం ఇంకొంచెం పెంచుకోవడానికి. యాభై దాటాక కోడలి దగ్గర చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఇప్పటికీ వేలు కింద పెట్టుకోనిదే ఒక్క మాటా ముందుకు సాగదు.

"కొండ కింది వీధిలో సిమెంటు రోడ్డు పని సోమవారం మొదలగును. దారికి అడ్డముగా ఉన్నవి తొలగించబడును."

పెనుకొండ కొండకు ఆనుకుని ఉన్న ఆ వీధిలో దారికి అడ్డంగా ఉన్నది ఒక్కటే. గంగులమ్మ ఇంటి పక్కగోడను ఒరుసుకుని, బాటలోకి రెండు మూరలు చొచ్చుకొచ్చిన రాతి తొట్టి. ఒకే బండను తొలిచి చేసింది. ఆ సీమలో ఎనుమనే గేదె కాళ్ళు ముడుచుకుని పడుకుంటే ఎంత చోటు పడుతుందో అంత ఉంటుంది. వీధిలో ముప్పై ఇళ్ళ కుడితి అందులోకే వస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు, సంగటి గిన్నె నానబెట్టిన నీళ్ళు, గంజి, దోసకాయ చెక్కు, మామిడి తొక్కలు, ఇట్లా వంటింట్లో మనిషికి అక్కర్లేనిదంతా పొద్దున్నే బిందెలతో తెచ్చి పోస్తారు. పాడి గొడ్లతో పాటు వీధి మేకలు, ఎవరివీ కాని రెండు గాడిదలు, ఎండ ముదిరితే కొండ దిగివచ్చే కోతులు కూడా అక్కడే గొంతు తడుపుకుంటాయి. ఈ మే నెలలో కుళాయి మూడు రోజులకొకసారి వస్తోంది. కుంటలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. తొట్టి లేకపోతే ఆ నోళ్ళన్నిటికీ ఇంకో దిక్కు లేదు.

తొట్టి పక్కింటివాళ్ళు వారానికోసారి దాన్ని కొబ్బరిపీచుతో తోమాలి. అది ఆ వీధి కట్టుబాటు. అత్త మారక్క తోమింది. ఆమె తరువాత నలభై ఏళ్ళుగా గంగులమ్మ తోముతోంది. భర్త పోయిన నెలలో కూడా పదకొండో రోజు దాటగానే పీచు పట్టుకుని బయటికొచ్చింది.

కొత్తలో మాత్రం ఆమెకు తొట్టి సంగతి తెలియదు. పుట్టిల్లు ధర్మవరం. మగ్గాల చప్పుడు తప్ప గొడ్ల అరుపు వినని ఇల్లు. కాపురానికొచ్చిన మూడో రోజు అత్త "కుడితి పోసి రాపో" అంటే, ఊరగాయ జాడీ కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి తొట్టిలో కుమ్మరించింది. కారం, ఉప్పు, ఆవపిండి. మొదట మూతి పెట్టిన ఎనుము తుమ్మి తుమ్మి ఆమె పెళ్ళి చీర తడిపేసింది. ఆడవాళ్ళంతా చేరి తొట్టి ఖాళీ చేసి కడిగారు, నవ్వుకుంటూనే. "ధర్మవరం పిల్ల గొడ్లకి చారు కాచింది" అనే మాట ఆమె కొడుకు పుట్టేదాకా వీధిలో తిరిగింది.

సాయంత్రం నాలుగింటికి కంపెనీ బస్సు దిగి కోడలు మంజులత వచ్చింది. ఎర్రమంచి దగ్గర ఒక క్యాంటీనులో ఆమెకు ఉద్యోగం. కాగితం చూసి, చెప్పులు విప్పుతూ, "మంచిదే కదత్తా" అంది.

"ఏం మంచిది?"

"రోడ్డు. వాన పడితే నా స్కూటీ ఎన్నిసార్లు జారిందో నీకు తెల్దా?"

"రోడ్డు వద్దన్నానా నేను? తొట్టి కావాలంటాండా."

"రెండూ కావాలంటే యాడ కుదుర్తాది?"

"కుదరకపోతే వాళ్ళే కుదుర్చుకోనీ. కాగితం రాసింది వాళ్ళు."

మరునాడు మధ్యాహ్నం కాంట్రాక్టరు మనిషి లోకేష్ ఆటోలో ఒక నీలం ప్లాస్టిక్ తొట్టి తెచ్చి దించాడు. హిందూపురం కుర్రాడు. మెడలో తువ్వాలు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

"ఇదో అవ్వా, కొత్త తొట్టి. ఊరికే ఇస్తాండాం. రాయిది బాడుగ మిషనుతో ఎత్తి అవతల పడేస్తాం. అడ్డం తిరిగితే పగలగొట్టి రోడ్డు కిందికి కంకర చేస్తాం."

"నింపప్పా దాన్ని" అంది గంగులమ్మ.

అతను ట్యాంకరు నీళ్ళు పట్టించి నింపాడు. గంగులమ్మ అరుగు మీద కూర్చుని విసనకర్ర తీసుకుంది. పక్కింటి నల్లమ్మ వచ్చి చేరింది. ఎండలో పెట్టిన ఆ తొట్టిలో నీళ్ళు అరగంటకే టీ నీళ్ళంత వేడెక్కాయి. మొదట వచ్చిన ఆవు మూతి పెట్టి, తల విదిలించి, గోడ నీడలో ఉన్న రాతి తొట్టి వైపు నడిచింది. తరువాత వచ్చిన మేక నీలం తొట్టి అంచును కాసేపు నమిలింది. చివరికి ఒక కోతి అందులో దిగి స్నానం చేసింది.

"కోతికి నచ్చిందప్పా" అంది నల్లమ్మ. "దాని పేరు మీద రాసియ్యి."

లోకేష్ ముఖం ఎర్రబడింది. "సోమవారం మిషనొస్తాది. అప్పుడు చూస్తా మీ నవ్వులు" అని ఆటో ఎక్కాడు.

శనివారం మరొకాయన వచ్చాడు. తిమ్మరాజు, హిందూపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టరు. పాత రాళ్ళంటే ప్రాణం. ఎవరో ఫోన్ చేసి చెబితే బస్సు పట్టుకుని వచ్చాడు. తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, టేపుతో కొలిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మా, ఇది మామూలు తొట్టి గాదు. కోటలో రాజులున్నప్పుడు ఏనుగులకు నీళ్ళు పెట్టిందయ్యుండచ్చు."

"అయ్యుండచ్చా, అయ్యిందా సార్?"

మాస్టరు నవ్వాడు. "చూస్తే అట్లే ఉండాది. మా పెద్దలు ఇది రాజుల కాలందని చెప్పేవాళ్ళని మీరొక్క కాగితం రాసియ్యండి చాలు. రేపే ట్రాక్టరు తెచ్చి హిందూపురంలో మా సంఘం ఆవరణలో పెట్టిస్తా. చుట్టూ కమ్మీలు, పైన రేకు, ముందర బోర్డు. ఏ మిషనూ దాన్ని తాకలేదు."

గంగులమ్మ ఆలోచించింది. రాయి పగలదు. అది నిజం. అత్త చేతులకు అరిగిన అంచు అట్లాగే ఉంటుంది. ఒక్క అబద్ధం, అదీ చిన్నది. రాయడం కూడా ఇప్పుడు వచ్చు.

"నీళ్ళు పోస్తారా సార్ దాంట్లో?"

"నీళ్ళేంటికమ్మా? పాకుడు పట్టి రాయి చెడిపోతాది."

"అట్లయితే వద్దు."

"పగలగొడతారమ్మా!"

"మీరు ఎత్తుకపోతే మాత్రం మిగిలేదేముండాది సార్? ఏనుగులు ఎప్పుడో పోయినాయి. ఎనుములుండాయి. అవి హిందూపురం వచ్చి తాగుతాయా?" ఆమె తొట్టి అంచు మీద చెయ్యి వేసింది. "మా పెద్దలు రాజుల మాట చెప్పలే. మా అత్త చెప్పింది వేరే. కరువేళ్ళల్లో మూడు నెలలు ఈ తొట్టిలో చుక్క పడలేదంట. బియ్యం కడిగిన నీళ్ళు పారబోసేదానికి ఎవరికి మనసొస్తాది? మనుషులే కాచుకోని తాగినారు. గొడ్లని తోలుకపోయి సంతలో వదిలేసినారు. మళ్ళా వానలు పడి, మొదటి బిందె కుడితి పోసిన దినం ఈడ టెంకాయ కొట్టినారంట. నేనొచ్చినప్పుడు కొర్రలు కడిగిన నీళ్ళు పసుపు రంగుండేవి. రేషన్ బియ్యం వచ్చినాక తొట్టి తెల్లబడింది. ఏ ఇంట్లో కడుపు నిండిందో, ఏ ఇంట్లో పొయ్యి ఎలగలేదో ఈ తొట్టిలోకి తొంగి చూస్తే తెల్సిపోతాది. ఇదంతా మీ బోర్డులో పడతాదా?"

తిమ్మరాజు టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "బోర్డు చిన్నదమ్మా" అన్నాడు. అతను వెళ్ళేటప్పుడు గంగులమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగి బస్సు పట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆమె ఇల్లిల్లూ తిరిగింది. అడిగింది ఒకటే.

"ఈ దినం అందరూ ఉలవలు ఉడకేయండి."

నల్లమ్మ నోరు తెరిచింది. "నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా అక్కా? మే నెలలో ఉలవలా? ఒళ్ళు పేలిపోతాది!"

"మనం గుగ్గిళ్ళు తిందాం. ఉడికిన నీళ్ళు, ఆ కట్టంతా తొట్టికి. సల్లారబెట్టి, నీళ్ళు కలిపి, తెల్లార్తో పోయల్ల. ఉలవకట్టు వాసనకి మూడు వీధుల అవతల గొడ్డు కూడా వస్తాది. మధ్యలో తొట్టి ఎండకూడదు. అంతే పని."

"గొడ్లొస్తే మిషను ఆగుతాదా?"

"మిషను ఆగదు. దాని మీద కూసోనుండే మనిషి ఆగుతాడు. నీళ్ళు తాగే గొడ్డుని లేపేవాణ్ణి నువ్వు యాడన్నా చూసినావా?"

నల్లమ్మ ఆలోచించి, "చూడలే" అని ఒప్పుకుంది.

ఉలవకట్టుతో చారు కాచుకోకుండా గొడ్లకు పోయడమంటే ఆ వీధిలో ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. కుళ్ళాయమ్మ అనే ముసలామె రెండు గరిటెలు దాచుకుంటానని బేరమాడింది. గంగులమ్మ ఒక్క గరిటెకు ఒప్పుకుంది. ఆ మండే ఎండలో ముప్పై పొయ్యిల మీద ఉలవలు ఉడికాయి. వీధంతా గుర్రాల శాల వాసన వేసింది. మంజులత మాత్రం రోడ్డు అవతలి అంచున నిలబడి, తన చున్నీతో అటూ ఇటూ ఏదో కొలుస్తూ కనిపించింది.

సోమవారం తొమ్మిదింటికి పసుపు మిషను వచ్చింది. దాన్ని నడిపేది జాన్, తనకల్లు నుంచి పనికొచ్చినవాడు. వీధి మొదట్లోనే బ్రేకు వేశాడు. తొట్టి అంచుదాకా నిండి ఉంది. దాని చుట్టూ ఏడు ఎనుములు, నాలుగు ఆవులు, కాళ్ళ మధ్య దూరిన మేకలు, వెనక వంతు కోసం నిలబడ్డ రెండు గాడిదలు.

"హారన్ కొట్టు" అన్నాడు లోకేష్.

జాన్ ఇంజను ఆపేశాడు. "తాగనీ అన్నా. నోరు పెట్టినదాన్ని అదిలించేది నా చేత గాదు. మా నాయనకి తెలిస్తే ఇంట్లోకి రానీడు."

"పది నిమిషాలు తాగి పోతాయిలే" అన్నాడు లోకేష్.

పది నిమిషాలకు రెండు ఆవులు పోయాయి, మూడు వచ్చాయి. తొట్టి సగమైతే ఎవరో ఒకరు బిందెతో వచ్చారు. పదకొండింటికి లోకేష్ తానే వేపకొమ్మ విరుచుకుని ముందుకు నడిచాడు. ఎనుము ఒకటి తల ఎత్తి, మూతి నుంచి కట్టు కారుతుండగా, అతన్ని తీరిగ్గా చూసి మళ్ళీ తల దించింది.

"కొట్టప్పా!" నల్లమ్మ అరుగు మీది నుంచి కేక వేసింది. "తాగే గొడ్డుని కొట్టినావని ఫోటో తీసి మీ అమ్మకి పంపిస్తా. ఆయమ్మ నంబరియ్యి."

ఎత్తిన కొమ్మ గాలిలో కాసేపు అట్లాగే ఉంది. తరువాత దాంతో తనకు తానే విసురుకుంటూ వెనక్కి వచ్చి నీడలో కూలబడ్డాడు. జాన్ అప్పటికే గుగ్గిళ్ళు తింటున్నాడు. గంగులమ్మ లోకేష్ ముందు కూడా ఒక విస్తరాకు పెట్టింది. తాలింపు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చి కొబ్బరి.

"లంచమా అవ్వా?"

"లంచమైతే జీడిపప్పు ఏసుండేదాన్ని. ఆకలైతే తిను. లేదంటే కోతులకి పెడతా."

తిన్నాడు. ఫోన్ మోగింది. మాట్లాడటానికి దూరంగా పోయినా గొంతు వీధంతా వినిపించింది. "సార్, గొడ్లు సార్... కాదు సార్, చానా గొడ్లు... తోలితే పోవు సార్, తాగుతాండాయి... ఆడోళ్ళు పోస్తానే ఉండారు సార్..."

అప్పుడు లోపలి నుంచి మంజులత వచ్చింది. ఆ రోజు సెలవు పెట్టింది. అత్తవైపు చూడకుండా నేరుగా లోకేష్ దగ్గరికి పోయింది.

"అవతలి పక్క పాత కాలవ పూడ్చిన జాగా ఊరికే పడుండాది, చూసినావా అన్నా? ఐదు మూరలు. ఎవరి ఇంటిదీ గాదు. రోడ్డు అటు జరిపితే ఆటో, నా స్కూటీ పక్కపక్కనే పోతాయి. మీ వెడల్పు మీకు తగ్గదు."

"కాగితంలో గీత తిన్నగా ఉండాదమ్మా."

"కాగితం మీద గొడ్లు లేవు కదా."

లోకేష్ పోయి చూశాడు, అడుగులు వేసి కొలిచాడు, మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి ఎక్కువసేపు విన్నాడు, తక్కువ మాట్లాడాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, "సున్నం తెండి" అన్నాడు.

మిషను పక్కన సున్నం బస్తా విప్పి, వీధి మొదటి నుంచి గీత వేసుకుంటూ వచ్చాడు. తొట్టి దగ్గరికి రాగానే గీత వంపు తిరిగి, రాతి అంచుకు జానెడు దూరంగా పోయింది. చూస్తున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కుళ్ళాయమ్మ తన గరిటెడు కట్టు సంగతి గుర్తొచ్చి ఇంట్లోకి నడిచింది.

గంగులమ్మ అరుగు దిగింది. గీత పక్కన నిలబడి, కొంగు దోపుకుని, అటొకసారి ఇటొకసారి చూసింది.

"ఇదేందప్పా ఇది?"

"ఇంగేం కావాలవ్వా? తొట్టి మిగిలింది కదా!"

"తొట్టి ఈడుంటాది. ఎనుము తల ఈడుంటాది. మరి వెనక కాళ్ళు యాడ పెట్టుకుంటాది? నీ రోడ్డు మీదనా? బండి వచ్చి గుద్దితే ఎవరిదంటావు? ఇంగో మూడు మూరలు జరుపు."

"మూడా! ఒకటి."

"రెండు. ఆ గాడిదలు తోకలు ముడుచుకుంటాయిలే."

జాన్ పగలబడి నవ్వాడు. లోకేష్ ఆకాశం వైపు చూశాడు, ఎండకు మండుతున్న కొండవైపు చూశాడు, కదలకుండా నిలబడ్డ ముసలామె వైపు చూశాడు. చెప్పు కాలితో సున్నపు గీత చెరపడం మొదలుపెట్టాడు.